పొరుగుసీమలో మన ప్రహ్లాదుడు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన ఈ శుభదినమున నన్ను గూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను పండితుడను కాను. గ్రామపు లెక్కలు వ్రాయుట నా వృత్తి. మిగిలిన వేళలందు ఈ బీరువాలలోని భాగవతమును, ప్రబంధములను, యక్షగానములను నిఘంటువు ప్రక్కన పెట్టుకొని, నాకు నేనే పదములు విడగొట్టుకొని చదువుకొంటిని. గురువు లేని చదువు గనుక అందు తప్పులుండిన పెద్దలు మన్నింతురు గాక.

నేడు నేనొక నాటకమును గూర్చి చెప్పదలచితిని. అందలి కథ మీలో ఎవ్వరికిని క్రొత్తది కాదు. హిరణ్యకశిపుడు, లీలావతి, ప్రహ్లాదుడు, స్తంభము, నరసింహుడు. ధర్మపురి యాత్రకు పోయివచ్చు మనవారికి ఆ కథ వేరుగ చెప్పవలసిన పనిలేదు. నేను చెప్పబోవునది నాటకములోని కథ కాదు. ఆ నాటకము నడచివచ్చిన కథ. అది తెలుగు నాటకము. కాని దానిని ఏటేట ఆడుచున్నది తెలుగుదేశమున కాదు. కావేరి పారు తంజావూరు జిల్లాలో, చుట్టును తమిళమే వినవచ్చు ఒక పల్లెటూర. ఆ ఊరి పేరు మేలట్టూరు. ఆ నాటకము పేరు ప్రహ్లాద చరిత్రము. రచించిన కవి మేలట్టూరు వేంకటరామశాస్త్రి.

మన భాషలోని ఆట భాష తెలియని సీమలో నిలిచినది. మన ఊళ్లలోని ఆట మన కన్నుల యెదుటనే సన్నగిల్లినది. ఇట్లేల జరిగెను? ఈ ఒక్క ప్రశ్న చాల కాలముగా నన్ను వేధించుచున్నది. దానికి నాకు తోచిన జవాబు మీ ముందుంచుటకే ఈ ప్రసంగము.

తెలుగు మాట కావేరి దాక ఎట్లు పోయెనో మొదట చూతము. విజయనగర చక్రవర్తులు దక్షిణ సీమలను పాలించుటకు నాయకులను నియమించిరి. తంజావూరున 1532 ప్రాంతములో సేవప్ప నాయకునితో నాయకరాజ్యము మొదలయ్యెను. పిమ్మట అచ్యుతప్ప నాయకుడు, రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు వరుసగా ఏలిరి. చుట్టును ఉన్న ప్రజలది తమిళము. రాజసభలో వెలుగొందినది తెలుగు. 1565లో రక్కసి తంగడి యుద్ధమున విజయనగరమునకు గొప్ప దెబ్బ తగిలినది. ఆ పిమ్మట పండితులు, గాయకులు, నటులు ఆశ్రయము వెదకికొనుచు దక్షిణమునకు తరలిరి. వారితో పుస్తకములు పోయినవి, పాటలు పోయినవి, ఆటలు పోయినవి.

అట్లు వచ్చినవారికి అచ్యుతప్ప నాయకుడు ఒక గ్రామమునే దానము చేసెనని మేలట్టూరువారు చెప్పుకొందురు. దానము పొందిన కుటుంబములు 510 అనియు, ఒక్కొక్క కుటుంబమునకు ఒక ఇల్లు, ఒక బావి, సాగుభూమి ఇచ్చిరనియు ప్రతీతి. రాజు పేరిట దానికి అచ్యుతపురమను పేరు కలిగినది. తరువాతి కాలమున ఉన్నతపురి యనియు, మేలట్టూరనియు వ్యవహరించిరి. తంజావూరు పట్టణమునకు 20 కిలోమీటర్ల లోపుననే ఉన్నది.

లెక్కలు వ్రాయువాడను గనుక ఈ దానపు వివరము నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది. రాజు తలచుకొన్న ఒక రాత్రి ఆట చూచి, మెచ్చి, నటుల చేతిలో వరహాలు పోసి పంపగలడు. వరహాలు సంవత్సరము తిరుగకమునుపే కరగిపోవును. భూమి యట్లు కాదు. ఏటేట పంట వచ్చును. పంట వచ్చినప్పుడెల్ల ఇది యెందులకు ఇచ్చినదో జ్ఞప్తికి వచ్చును. ఇల్లు ఇచ్చినచో మనుమడును అక్కడనే పుట్టును. బావి ఇచ్చినచో ఊరు విడిచి పోవుటకు కారణముండదు. మా ఇనాము రికార్డులలో దేవుని దీపమునకు ఇంత, పురాణము చెప్పువానికి ఇంత అని పూర్వము వ్రాసినట్లే, ఆ ఊరు మొత్తము సంగీతసాహిత్యముల పేర వ్రాయబడినదనుకొనుడు. ఆట నిలుచుటకు మొదటి పునాది అచ్చట పడినది.

రాజులును ఊరకుండలేదు. విజయరాఘవ నాయకుడు స్వయముగా యక్షగానములు రచించినవాడు. ప్రహ్లాద చరిత్రము వానిలో ఒకటి. ఆయన ఆస్థానమునందలి రంగాజమ్మ మన్నారుదాస విలాసమను యక్షగానము రచించినది. 1673లో విజయరాఘవుడు యుద్ధమున మడిసెను, నాయకరాజ్యము ముగిసెను. 1675 ప్రాంతమున మహారాష్ట్రులు తంజావూరు గద్దె నెక్కిరి. రాజు మారినప్పుడు భాషయు మారవలెను గదా! కాని మారలేదు. మరాఠీ మాతృభాషగా గల శహాజీ మహారాజు 1684 నుండి 1712 వరకు ఏలుచు, తెలుగున పల్లకి సేవా ప్రబంధమును రచించెను. రాజుది మరాఠీ, ప్రజలది తమిళము, రంగస్థలముది తెలుగు. ఇట్టి విచిత్రము లోకమున అరుదు.

ఈ నేలలోనే త్యాగరాజస్వామి పుట్టెను. 1767 నుండి 1847 వరకు జీవించిన ఆ మహనీయుడు విడి కీర్తనలే కాక, ఐదంకముల ప్రహ్లాద భక్తి విజయమును గూడ రచించెను. ఆ కాలమువాడే మన వేంకటరామశాస్త్రి. తండ్రి గోపాలకృష్ణశాస్త్రియు విద్వాంసుడే. వేంకటరామశాస్త్రి మేలట్టూరి భాగవత మేళమునకై పది వరకు నాటకములు రచించెను. ప్రహ్లాద చరిత్రము, మార్కండేయ చరిత్రము, ఉషా పరిణయము, రుక్మాంగద చరిత్రము, హరిశ్చంద్ర నాటకము, సీతా కల్యాణము, కంసవధ వానిలో ముఖ్యమైనవి. ఇవన్నియు పాటతో, పద్యముతో, వచనముతో, నృత్యముతో కూడినవి. పాత్ర ప్రవేశించునప్పుడు పాడునది ప్రవేశ దరువు. సంభాషణయు పాటయే. పాడుచు ఆడుచు కథ నడుపుదురు గనుక సంగీతము రానివాడు ఇందు నటుడు కాజాలడు.

ఇక ఆట జరుగు రాత్రిని గూర్చి చెప్పెదను. నేను మేలట్టూరు పోలేదు. చూచినవారు వ్రాసిన పుస్తకములు చదివి తెలిసికొంటిని. వైశాఖ శుద్ధ చతుర్దశి నరసింహ జయంతి. ఆ ఊరి వరదరాజ పెరుమాళ్ల కోవెల యెదుట వీథిలోనే పందిరి వేయుదురు. ప్రొద్దుగ్రుంకి బాగుగ చీకటి పడిన పిమ్మట ఆట మొదలగును. ముందుగా కోణంగి వచ్చి గంతులు వేసి నవ్వించును. తరువాత తోడయ మంగళము పాడుదురు. పిమ్మట ఒక బాలుడు ఏనుగు మొగము ధరించి వినాయకుడై వచ్చి, పూజలందుకొని పోవును. ఆ మీద కథ. స్త్రీ పాత్రలను పురుషులే ధరింతురు. లీలావతి వేషము వేసినవాడు తల్లి దుఃఖమును పాడుచుండగా, ఆడువారు కన్నులు తుడుచుకొందురట. కొడుకును విషముతో చంపుమని భర్త ఆజ్ఞాపించుచున్నాడు. పాత్ర తల్లి చేతిలో ఉన్నది. అది ఏ భాషలో పాడిన నేమి!

తెల్లవారుజాముకు స్తంభము పగులును. నరసింహుని మొగము సంవత్సరము పొడుగున పూజలందుకొనునది. దానిని ధరించువాడు ఆ దినమెల్ల ఉపవాసముండవలెను. మొగము పెట్టుకొనిన పిమ్మట అతనికి ఆవేశము వచ్చుననియు, పట్టుకొనుటకు బలము గలవారు ప్రక్కనే నిలుతురనియు చూచినవారు వ్రాసిరి. చూచువారికి అప్పుడది వేషము కాదు, దేవుడే. చేతులు జోడింతురు. అంతలో ప్రొద్దు పొడుచును. ఆట పూర్తియగుటయు, పూజ పూర్తియగుటయు ఒక్కటే. చూడవచ్చినవారిని ప్రేక్షకులందుమా, భక్తులందుమా?

ఇచట మీరొక సందేహము అడుగవలెను. ఆ నటులకు తెలుగు వచ్చునా? చాలమందికి ఇంటి భాష తమిళము. నాటకపు మాటలను తమ లిపులలో వ్రాసికొని, పెద్దల నోట విని, వల్లెవేసి నేర్చుకొన్నవారు పెక్కుమంది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అను నాలుగింటికిని ఒక్కటే అక్షరము. త, థ, ద, ధ లకును అట్లే. 'గద' యని పలుకవలసినచోట 'కత' యని పలుకకుండవలెనన్న పుస్తకము చాలదు. గురువు నోరు కావలెను. అట్లు నోటినుండి నోటికి, తండ్రినుండి కొడుకునకు, మామనుండి అల్లునకు మన తెలుగు అచ్చట దిగివచ్చినది. మనము ఇంటిలో వెలలేక దొరకుచున్నదని నిర్లక్ష్యము చేయు భాషను, వారు ఒక్కొక్క అక్షరము కష్టపడి సంపాదించుకొనుచున్నారు.

అయితే వారికి ఆటంకములు రాలేదా? వచ్చినవి. 1799లో తంజావూరు పరిపాలన ఆంగ్లేయుల చేతికి పోయెను. 1855లో రాజ్యమే రూపుమాసెను. ఆదరించు ప్రభువు లేడు. ఊళ్లలోని చదువుకొన్న యువకులు ఉద్యోగములకై మద్రాసునకు, బొంబాయికి పోయిరి. ఊత్తుకాడు, శూలమంగళము, నల్లూరు, సాలియమంగళము, తెప్పెరుమానల్లూరు మొదలగు గ్రామములలోను ఇట్టి మేళములుండెను. కొన్నిచోట్ల ఆట అంతరించినది. మేలట్టూరులోను 20వ శతాబ్దపు మొదటి సగమున ఆట సన్నగిల్లి, కొంతకాలము నిలిచిపోయి, ఊరివారి పట్టుదలచే మరల లేచినది. న్యాయవాదియు స్వాతంత్ర్య సమరయోధుడునగు ఇ. కృష్ణయ్యరు (1897–1968) ఈ మేళమును గూర్చి వ్రాసి, చెప్పి, పట్టణములవారి దృష్టిని ఇటు మరల్చెను. 1950ల చివర కళాక్షేత్రమున రుక్మిణీదేవి అరండేలు ఉషా పరిణయమును తన పద్ధతిలో ప్రదర్శింపజేసెను. అప్పటినుండి నగరములలో మేలట్టూరు పేరు వినవచ్చినది.

కాని ఆటను బ్రదికించినది నగరము కాదని నా నమ్మకము. నటులలో పలువురు వేరు వేరు ఊళ్లలో ఉద్యోగములు చేసికొనువారే. ఆటతో వారికి జీవనము లేదు. అయినను వైశాఖము వచ్చుసరికి సెలవు పెట్టుకొని ఊరు చేరుదురు. అది వారికి వినోదము కాదు. తాత వేసిన వేషము. తండ్రి వేసిన వేషము. తాను వేయకున్న ఊరివారును, దేవుడును అడుగుదురను భయము. ఆ భయములోనే భక్తియు ఉన్నది, ప్రేమయు ఉన్నది.

ఈ మాటకు లోకమునుండి రెండు సాక్ష్యములు చూపెదను. 1711లో లండను నగరమున రినాల్డో యను సంగీత నాటకము ఆడిరి. సంగీతము కూర్చిన హాండెల్ జర్మను దేశస్థుడు. పాటలు ఇటలీ భాషవి. విన్నవారు ఆంగ్లేయులు. తంజావూరువలెనే అచ్చటను మూడు జాతుల కలయిక. గొప్పవారు చందాలు వేసి, పేరు మోసిన గాయకులను రప్పించి, వందలకొలది దీపముల వెలుగులో చూచిరి. కాని ఖర్చు పెరిగినది, అభిరుచి మారినది, 1728లో చందాల సంస్థ మూతపడినది. 1741 తరువాత హాండెల్ క్రొత్తగా ఇటలీ నాటకములు కూర్చుటయే మాని, ఇంగ్లీషు మాటలతో భక్తి కావ్యములకు సంగీతము కూర్చుకొనెను. డబ్బుతోను, మోజుతోను నిలిచినది, అవి తగ్గిన వెంటనే తగ్గినది.

రెండవ సాక్ష్యము జర్మనీలోని ఓబరామర్‌గావు అను పర్వత గ్రామము. 1633లో అచ్చట ప్లేగు వ్యాపింపగా, ఈ మహమ్మారి తొలగిన ఏసుక్రీస్తు కడపటి దినముల నాటకమును ఆడుచుందుమని ఊరివారు మ్రొక్కుకొనిరి. 1634లో మొదటిసారి ఆడిరి. పదేండ్లకొకమారు నేటికిని ఆడుచున్నారు. వడ్రంగి, పాలవాడు, బడిపంతులు, అందరును ఊరివారే, వేషములు వారివే. 2020లో ఆడవలసినది కరోనా వ్యాధి కారణముగా ఆగగా, 2022లో ఆడి మ్రొక్కు చెల్లించుకొనిరి. లండను పట్టణపు ఐశ్వర్యము నిలుపజాలని దానిని ఒక పల్లెటూరి మ్రొక్కు దాదాపు నాలుగు వందల యేండ్లు నిలిపినది. మేలట్టూరుది ఈ త్రోవయే గాని లండను త్రోవ కాదు.

ఇక మన ఇంటి సంగతికి వత్తము. ప్రహ్లాదునకు తెలుగున శాశ్వతమైన రూపమిచ్చిన పోతన మనవాడు. ఓరుగల్లు ప్రాంతపు బమ్మెరవాడు. ఆయన సప్తమ స్కంధము చదువని పల్లె ఒకప్పుడు తెలంగాణమున లేదు. మునుపు కరీంనగరు జిల్లాలోనుండి 2016లో జగిత్యాల జిల్లాలో చేరిన ధర్మపురి, గోదావరి ఒడ్డున, లక్ష్మీనరసింహుని నిలయము. నరసింహ శతకము చెప్పిన శేషప్పకవి అచ్చటివాడే. భాష మనది, కవి మనవాడు, దేవుడు మన ఊరివాడు. ఆటయు మనకు లేకపోలేదు.

కడప జిల్లా సురభి గ్రామమున 1885లో వనారస గోవిందరావుగారు ప్రారంభించిన సురభి నాటక సమాజములవారు ఊరూర గుడారములు వేసి ఆడిన నాటకములలో భక్త ప్రహ్లాద ఒకటి. బళ్లారిలో నివసించి తెలుగు నాటకమునకు త్రోవ చూపిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు రచించిన నాటకము ఆధారముగా, సురభివారు నటింపగా, హెచ్.ఎం. రెడ్డిగారు బొంబాయిలో తీసిన భక్త ప్రహ్లాద 1932లో మన మొదటి తెలుగు మాటల చిత్రమయ్యెను. తెలుగు తెర నోరు విప్పి పలికిన మొదటి కథయు ప్రహ్లాదునిదే యన్నమాట.

కాని మన కరీంనగరు, ఆదిలాబాదు, నిజామాబాదు పల్లెలలో ప్రహ్లాదుని నిలిపినవారు ఎవరు? చిందు భాగవతులు. తేలిక కర్రతో చేసి రంగులు దిద్దిన కిరీటములు, భుజకీర్తులు ధరించి, ముఖమునకు అర్దళము పూసికొని, కాలికి గజ్జె కట్టి, తెల్లవారులు చిందు త్రొక్కినవారు వారే. మేలట్టూరున స్త్రీ వేషము పురుషుడు వేయును. మన చిందులో స్త్రీలే వేషములు కట్టుదురు. నిజామాబాదు జిల్లా చిందు ఎల్లమ్మగారు చిన్ననాటనుండి రంగమెక్కి, పురుష పాత్రలను గూడ ధరించి, పండితులచేతను మెప్పు పొంది, 2005లో కీర్తిశేషురాలైరి.

ఇచట ఒక లెక్క చెప్పక తప్పదు. మేలట్టూరివారికి రాజు ఇల్లు, బావి, భూమి ఇచ్చెను. మన చిందువారికి మన ఊళ్లు ఏమిచ్చినవి? పంటవేళ కళ్లములో కట్టుబాటు చొప్పున వచ్చు గింజలు. అదియు పెట్టినది ఎక్కువగా తమవంటి పేదవారే. భూములు గలవారు దూరముగ మంచములు వేయించుకొని చూచిరి. మెచ్చిరి. కాని వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనలేదు. ఆటయందు నరసింహుడైన మనిషికి తెల్లవారిన పిమ్మట గుడి వాకిలి దాటుటకు హక్కు లేకపోయెను. ఇట్టి స్థితిలో ఆట నిలువలేదని నిందించుటకు మనకు అధికారమున్నదా? నిలిచినంత కాలము నిలిచినదే ఆశ్చర్యము.

ఇప్పుడు నా తప్పు ఒకటి సభాముఖమున ఒప్పుకొనెదను. నా చిన్నతనమున మన ఊరి బొడ్రాయి దగ్గర ప్రహ్లాదుని ఆట చూచితిని. పెట్రోమాక్సు దీపము వెలుగులో హిరణ్యకశిపుడై గర్జించిన మనిషి పిమ్మట ముసలివాడై, ఆటలు లేక, ఆ ఊరికిని ఈ ఊరికిని తిరుగుచుండెను. నేను పద్యములు చదువుదునని విని అప్పుడప్పుడు నా అరుగు మీదికి వచ్చి కూర్చుండెడివాడు. ప్రహ్లాదుని పాటలు, మాటలు మొత్తము అతనికి కంఠస్థము. చినిగిన అట్టతో ఒక నోటు పుస్తకము గూడ ఉండెను. ఒకనాడు నాతో ఇట్లనెను: "అయ్యా, గీ ఆట నా నోట్లె ఉన్నన్ని దినాలే. మా పోరగాండ్లు భివండి పాయె. జర కాయితం మీద ఎక్కియ్యరాదు?"

"ఎక్కిద్దాం తాతా, ఈ పహాణీల పని తీరనీ" అంటిని. పహాణీల పని యెన్నడును తీరదని మీకు తెలియును. రెండేండ్లు గడచినవి. వానకాలములో అతడు పోయెను. నెల తరువాత ఆ పుస్తకము కొరకు ఇంటికి పోతిని. పాత కాగితములతో కలిపి తూకానికి వేసితిమని చెప్పిరి. వారి తప్పు లేదు. దాని విలువ తెలిసినవాడను నేనొక్కడను, నేను పోలేదు. ఎకరములు, గుంటలు తప్పు పోకుండ వ్రాసిన ఈ చేయి, ఒక మనిషి జీవితమంతయు మోసికొని వచ్చిన ఆటను వ్రాయలేకపోయినది. నా పద్దులో తీరని బాకీ అది.

మేలట్టూరు ప్రహ్లాద చరిత్రము రెండు విధముల బ్రదికినది. ఒకటి నోట, రెండవది వ్రాతలో. తంజావూరున సరస్వతీ మహలు గ్రంథాలయము కలదు. నాయకరాజుల కాలమునుండి పెరిగి, 1798 నుండి 1832 వరకు ఉన్న రెండవ శరభోజి మహారాజు చేతిలో విస్తరిల్లి, 1918లో ప్రజలందరకును తెరువబడినది. అందు తాళపత్రములపై తెలుగు యక్షగానములెన్నో భద్రముగ నున్నవి. రాజులు పోయిరి, రాజ్యములు పోయినవి. బీరువాలోని తాటాకులు మిగిలినవి. గ్రంథాలయమనునది అచ్చుపుస్తకములు అరువిచ్చు చోటు మాత్రమే కాదనుటకు ఇంతకంటె దృష్టాంతమేమి?

మరియొక మాట. మన ప్రాంతపు యువకులు భివండికి, సూరతునకు, దుబాయికి, మస్కటునకు పనికై పోవుచున్నారు. ఈ సభలోని ప్రతి ఇంటివాడును అట్టి ఒకని పేరు చెప్పగలడు. దుబాయిలో మన ఆడపడుచులు బతుకమ్మ ఆడుచున్నారు. ఏమి పట్టుకొని పోయిరో అది అచ్చట మొలకెత్తినది. పూర్వము దక్షిణమునకు పోయినవారును ఇట్లే బ్రతుకు తెరువు వెదకికొనుచు పోయినవారే. వారు మూటలో ఆటను పట్టుకొని పోయిరి గనుక నాలుగు వందల యేండ్ల తరువాతను అచ్చట తెలుగు పాట వినవచ్చుచున్నది. మన పిల్లలు విమానమెక్కునప్పుడు వారి మూటలో పెట్టుటకు మన యొద్ద ఏమున్నది? ముందు మనమిచట దాచుకొన్నగదా వారు పట్టుకొని పోగలుగుట!

కాబట్టి ఈ రజతోత్సవ సమయమున మూడు మనవులు చేయుచున్నాను.

మొదటిది, ఈ గ్రంథాలయములో ఒక బీరువా అరను వ్రాతపుస్తకములకు కేటాయింపవలెను. చిందువారి యొద్ద, ఒగ్గు కథ చెప్పువారి యొద్ద, భజన సమాజముల యొద్ద చినిగిపోవుచున్న ఆటపుస్తకములను అడిగి తెచ్చి, నకలు వ్రాసి, అసలును యజమానికి గౌరవముతో తిరిగి ఇయ్యవలెను. నకలు వ్రాయు పని నాకు వదలుడు. ప్రతి ఆదివారము రెండు గంటలు ఇందుకు వినియోగింతునని సభలో మాట ఇచ్చుచున్నాను.

రెండవది, పుస్తకము లేక నోటనే ఉన్నదానిని మన యువకులు తమ సెల్‌ఫోనులలో పట్టి ఉంచవలెను. ఆ పరికరము నేడు ప్రతివాని జేబులోను ఉన్నది. పాడినవారి పేరు, ఊరు, తేదీ తప్పక వ్రాయవలెను. పేరు వ్రాయక పాటను మాత్రము పట్టుకొనుట అప్పు తీసికొని పత్రము వ్రాయకుండుటవంటిది.

మూడవది, ఏటేట నరసింహ జయంతి నాటి రాత్రి ఈ గ్రంథాలయము ముందర ప్రహ్లాదుని ఆట ఆడింపవలెను. ఆడుటకు ఈ చుట్టుప్రక్కల మిగిలియున్న చిందు భాగవతులనే పిలువవలెను. దయతో కాదు, చందాతో కాదు. ఊరి లెక్కలో ఒక పద్దుగా వ్రాసి, ముందే నిర్ణయించిన పారితోషికముతో పిలువవలెను. ఆ దినము వారికి మన ఇండ్లలో, మన పంక్తిలో భోజనము. ఒక యేడు జనము తక్కువ వచ్చిన మానరాదు. వాన వచ్చిన మరునాడు ఆడవలెను గాని మానరాదు. మన పిల్లలు నలుగురు వారి యొద్ద కూర్చుండి నేర్చుకొనవలెను.

మేలట్టూరు మనకు నేర్పునది ఇంతే. తెలుగు మాటలాడువారు కోట్లమంది యున్నంత మాత్రమున తెలుగు ఆట బ్రదుకదు. ఏటేట ఫలానా దినమున ఇది చేసి తీరవలెనని ఒక ఊరు తనకు తాను విధించుకొన్నప్పుడే బ్రదుకును. మాతృభాష కానివారు అట్లు విధించుకొని నిలిపిరి. మాతృభాషయైన మనము విధించుకొనక పోగొట్టుకొంటిమి. పోయినది కొంత, మిగిలినది కొంత. మిగిలినదానిని గూర్చియే నా మనవి.

 వచ్చు వైశాఖమున, శుద్ధ చతుర్దశి నాటి రాత్రి, ఈ అరుగు ముందరనే మనము మరల కలిసికొందుము గాక.